ఉప్పు మాన్పించిన మొనగాడు

కోయిలకుంట్లలో గిడ్డమ్మ టీ బంకు ముందు బెంచీ మీద ఓబుళేశు కూర్చున్నాడంటే ఇక లేవడు. ఆ పొద్దు, భార్య సుంకులమ్మను గుండె డాక్టరుకు చూపించుకొచ్చిన సంగతి ఎత్తుకున్నాడు.

"కాళ్లు గుమ్మడికాయల మాదిరి వాచినాయప్పా. ఉప్పు తగ్గించకపోతే మనిషి దక్కదన్నాడు డాక్టరు. అరవై ఏండ్ల నాలుక, మాట వింటుందా? నేనొక్క చూపు చూసినా. ఆ పొద్దే మానేసింది."

"ఒక్క చూపుకేనా?" అన్నాడు రంగన్న, టీ ఊదుకుంటూ.

"అది అట్లాంటిట్లాంటి చూపా? అటక మీదుండే ఉప్పు జాడీ తనంతట తానే దిగి వాకిలి దాటింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నంద్యాల నుంచి వచ్చే ఉప్పు లారీ మా సందు మొగదాల నన్ను చూసి, రివర్సు గేరులోనే నంద్యాలకు పోయింది. డాక్టరు ఫోను చేసి, నా పేషెంట్లందరినీ నీ కాడికే పంపిస్తానన్నా అని బతిమాలినాడు."

మీ వీధి బోరులో ఉప్పునీళ్లు గూడా తియ్యబడినాయేమో అని రంగన్న ఎగదోశాడు.

"తియ్యబడక? అదొక్కటే యాడ. నిన్న మా సుంకులమ్మ ఏడ్చింది. ఆ కన్నీళ్లు నాలుకకు రాసుకొని చూసినా. కొబ్బరినీళ్లప్పా, రవ్వంత ఉప్పు లేదు."

బెంచీ అంతా నవ్వింది. గిడ్డమ్మ నవ్వలేదు. ఆమెది ఓబుళేశు పక్కిల్లే. పాలగిన్నె దించి అడిగింది.

"ఎందుకేడ్చిందో గూడా చెప్పన్నా."

ఓబుళేశు ఇంకో టీ పొయ్యమన్నాడు.

"నేను చెప్తా," అంది గిడ్డమ్మ. "డాక్టరు చెప్పినాడని కూర చప్పగా చేసింది. నువ్వు కూడు తినే తట్ట ఇసిరికొట్టినావు, ఆ చప్పుడు మా ఇంటికి వినబడింది. మళ్లా ఉప్పేసి వండింది. నువ్వూ నీ కొడుకూ తిని లేచేసరికి చట్టి ఖాళీ. సంగటి ముద్దా, ఊరగాయా మిగిలినాయి. దేంతో తినల్ల ఆమె?"

"తనకు వేరే పెట్టుకోవద్దని నేనన్నానా?"

"అనలేదా? మొన్న ఉప్పెయ్యకముందే తనకని గంటెడు తీసి పక్కన పెట్టుకుంటే, మొగోడు తినకముందే దాచుకుంటావా అని వీధంతా వినేటట్టు తిట్టింది ఎవురు?"

రంగన్న తల దించుకొని టీ గ్లాసులోకి చూశాడు. మిగతావాళ్లూ అంతే.

కూటికి పొద్దయిందని ఓబుళేశు తువ్వాలు దులుపుకొని లేచాడు.

"సుంకులమ్మ తినిందా?" అంది గిడ్డమ్మ.

"నేను తినందే ఆమె ఎట్లా తింటుంది?" అన్నాడు.

అతను చెప్పినవాటిలో కోత కానిది ఆ మాటొక్కటే.