స్క్రీన్ జోలికి రావద్దు
గని ఆఫీసు వరండాలో ఆమె ఫైలు తిరగేస్తూ కూర్చుంది. కార్మికుల కోసం తెచ్చిన కొత్త ఫోన్ యాప్ పనికి ఆమే ఇన్‌చార్జి. ఆ యాప్ తయారుచేసిన ఇంజనీరు, భిలాయిలో పుట్టి పెరిగిన తెలుగువాడు, చెమట తుడుచుకుంటూ వచ్చాడు. ఆరు నెలల్లో మొదటిసారి తనంతట తానుగా ఆమె ముందు నిలబడ్డాడు.

“మేడం, ఒక్క తెలుగు కార్మికుడూ ట్రైనింగ్ పాఠం తెరవలేదట. పెద్ద సారు నన్ను రమ్మన్నారు.”

“ఎట్ల తెరుస్తరు సారూ? ఆ బటన్ మీద ఏం రాసున్నదో చదివిన్రా?”

“నాకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. హిందీ మాటనే తెలుగు అక్షరాల్లో పెట్టించాను. శిక్షా. అంటే చదువే కదా?”

“హిందీల చదువు. మా కోంట దిక్కు తెలుగుల శిక్ష అంటే జైలు, జుల్మానా. కొలువు పోతదని ఎవ్వరూ దానిమీద వేలు పెట్టలే.”

“మీకు ముందే తెలుసా?”

“మొదటి రోజే చూసిన.”

“మరి చెప్పలేదే?”

“చెప్పబోతే మీరేమన్నరు? టెక్నికల్ తెల్వనిదానివి, తేదీలు చూసుకో, స్క్రీన్ జోలికి రావద్దన్నరు. మీటింగు కాగితంల అదే రాయించి సంతకం గూడ పెట్టిన్రు. ఇగో.”

“పాపం, కార్మికులు నష్టపోయారు కదా.”

“వాళ్లకు పాఠమంత నేనే నోటితో నేర్పిన. సున్నా వచ్చింది మీ యాప్‌కే.”

లోపల బెల్లు మోగింది.

“పెద్ద సారుకు ఏం చెప్పమంటారు?”

ఆమె ఫైలు అతని చేతిలో పెట్టింది.

“ఆయనకు తెలుగు రాదు, హిందీలనే చెప్పుండ్రి. లోపల మీకు దొరికేది మాత్రం తెలుగు శిక్షే.”