నవనీతక్కకు ఫార్మసీ సీటు ఎట్లొచ్చిందంటే

నవనీతక్క ఉన్నది సూడుండ్రి, మా బీరయ్య పెద్దనాయిన బిడ్డ, ఇంటర్ల గట్టెక్కిందంటే ఎక్కింది అంతే. వెయ్యికి ఐదొందల పన్నెండు. ఇగ ఎంట్రెన్స్ ర్యాంకు, ఆ నంబరు చదువుతుంటేనే దమ్మొస్తది అనుకో. కానీ మనిషిది ఒక్కటే పట్టు, ఫార్మసీ చదవాలె, మందులు నేర్వాలె. ఊళ్ళె ఒకటే నవ్వుడంట, "ఆ మార్కులకు మందులు జేసుడు కాదే, మింగుడే" అని. పెద్దనాయిన ఏమన్నడంటే, బిడ్డా, కౌన్సెలింగ్ల మొదటిసారి రాలె, రెండోసారి రాలె, ఇగ ఒక్కసారి సూస్త, రాకుంటే పుస్తకాలు కట్టగట్టి గొర్లెంబడి నడువు, నాకు మోకాళ్ళు పోతున్నయ్ అన్నడంట. ఆయనది గూడ తప్పనలేం, నూట ఇరవై గొర్లు మరి.

ఆగుండ్రి, నేను జెప్తుంటే మధ్యల గ్రూపుల నవ్వే బొమ్మలు పెట్టకుండ్రి. ఏమైందంటే, టౌన్ల ఒక కాలేజీల ఒక్క సీటు మిగిలిందంట. దాన్ని ప్రిన్సిపాల్ మేడమే పిలిచి మాట్లాడి ఇస్తదంట. పెద్దనాయిన గొర్లను మా నాయినకు అప్పజెప్పి, గొంగడి భుజానేసుకొని అక్కెంట పోయిండు. ఆడ సూస్తే ఇంకో పిలగాడు, ఆరొందల ఎనభై మార్కులు, టక్కు జేసుకొని, ఫైలు పట్టుకొని. మేడం ఇద్దర్ని ఒక్కతాన్నే కూసోబెట్టి, టేబుల్ మీద మందు సీసా పెట్టి, "ఇది ఎంత తాపాలె?" అన్నది. పిలగాడు దబ్బున "పది ఎంఎల్ మేడం" అన్నడు. అక్క సీసా తిప్పి తిప్పి సూసి, "ఎవలికి మేడం?" అన్నదంట. "అంటే?" "అంటే, తాగేటోళ్ళ బరువెంతో, కడుపుతోని ఉన్నరో లేదో తెల్వకుంట నేనెట్ల జెప్త?" పిలగాడు కిసుక్కుమన్నడు. మేడం నవ్వలె. బరువు తెల్వాలంటే కాంటా కావాలె గద అంటే, "వద్దు మేడం, సూస్తే తెలుస్తది, గొర్లకు అట్లనే జెప్త. మీరు డెబ్బై ఆరు కిలోలు" అన్నదంట మా అక్క! అయిపాయె అనుకోని పెద్దనాయిన గొంగడి సర్దుకొని లేవబోయిండంట. మేడం ఏం జేసిందో ఎర్కనా, పోయి మూలకున్న కాంటా మీద నిలబడ్డది. డెబ్బై ఐదున్నర. "చెప్పులతోని" అన్నదంట మేడం మెల్లగ.

అప్పుడు అడిగింది, గిన్ని తెలిసి మార్కులు గిట్లెందుకున్నయ్ అని. నేనైతే జరమొచ్చిందని జెప్తుంటి. అక్క ఏమన్నదంటే, "చదవలె మేడం, అబద్ధమెందుకు. ఇంకోటి గూడ జెప్త. పోయినేడు గొర్లకు నట్టల మందు నేనే తాపిన, కడుపుల పురుగులు పోవాలని. అన్నిటికి ఒక్క తీరుగనే పోసిన. రెండు సూడి గొర్లకు కడుపుల పిల్లలు పోయినయ్. మా నాయినకేమో రోగమని జెప్పిన. తర్వాత సీసా మీద చిన్నక్షరాలు చదివితే, సూడివాటికి పొయ్యొద్దని రాసే ఉన్నది. అప్పటిసంది చదవకుంట ఏ మందూ ముట్టలె" అన్నది. పెద్దనాయిన నోరు తెరిచిండు. "ఓ పోరీ, అది నీ పనేనా!" ఇగ ఆఫీసుల్నే తిట్టుడు షురూ జేసిండంట. మేడమే ఆపి, "తిట్టుడు ఇంటికి పోయినంక పెట్టుకోండి పెద్దమనిషీ, ముందు ఈడ సంతకం పెట్టుండ్రి" అన్నదంట.

గట్లొచ్చింది సీటు. ఆ టక్కు పిలగానికి గూడ ఇంకో కాలేజీల దొరికిందంట తియ్యుండ్రి, బాధపడకుండ్రి. అక్క ఇప్పుడు రెండో సంవత్సరం. పెద్దనాయిన ఆ రెండు గొర్ల గురించి ఇంకా తిడుతనే ఉంటడు, తిట్టుకుంటనే బస్సెక్కిచ్చొస్తడు. మార్కులు తక్కువొచ్చినా ఏం కాదని మీకు ధైర్యం జెప్తున్న అనుకునేరు. నాకు నేనే జెప్పుకుంటున్న. రేపు పదకొండింటికి నా రిజల్ట్.