దూజా పరుగు, వాళ్ళ నాన్న టోపీ

టోపీ కోసం వచ్చావా? ఇస్తాలేవే, ఎక్కడికీ పారిపోదు, ఆ చెక్కపెట్టెలోనే ఉంది. ముందు ఇలా కూర్చో. టీ పోశాను, పుదీనా ఎక్కువైందేమో చూడు. ఈమధ్య నా నాలుకకి ఏదీ తెలిసి చావట్లేదు. నీ పేరేమన్నావూ? ఎస్సియా. ఆఁ, ఎస్సియా. ఈ ఏడు పార్కులో పరుగు మొదలెట్టే టోపీ నువ్వే విసురుతావటగా? విసురు తల్లీ, విసురు. నా భుజం పనైపోయింది, ఈ గ్లాసెత్తితేనే కలుక్కుమంటోంది. పోయినేడు నేను విసిరితే టోపీ నా కాళ్ళ దగ్గరే పడింది, చూశావా? పరిగెత్తాలో మానాలో తెలీక అందరూ నా మొహం చూశారు. సిగ్గేసింది. ఏంటీ? టోపీ ఎందుకంటావా? పిస్తోలు లేకనా అంటావా? అడిగావూ? ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. ఆ గుట్ట సంగతి కూడా అడుగు మరి. బెల్వెదేర్ పార్కులో అంత చక్కటి చదును దారి చెరువు పక్కనే ఉండగా, ఆ గుట్ట మీదికి జనాన్ని ఎక్కించి చంపడం ఎందుకూ అని. సగం గుట్ట ఎక్కాక ప్రతివాడూ తిట్టుకుంటాడు, ఎవడ్రా ఈ దారి పెట్టిందీ అని. ఆ ఎవడు ఎవరో నాకు తెలుసు.

పేపర్లో ఏం రాశారో చదివావా? తూటాలు తడిసిపోయాయట, అందుకని టోపీ విసిరారట. జూన్ నెలలో వానేంటమ్మా, ట్యూనిస్‌లో? రేడియోలో ఇంకొకాయన, గొంతు మాత్రం తేనె, "స్వాతంత్ర్యం వచ్చిన ఆనందంలో మన పెద్దలు టోపీలు గాల్లోకి ఎగరేసి పరుగందుకున్నారు" అన్నాడు. వాడి మొహం. గాల్లోకీ కాదు, ఆనందమూ కాదు. అక్కడున్నది నేను. ఆమె వెనకాల రెండడుగుల దూరంలో ఉన్నది నేను. ఎవరి వెనకాల అంటావేం, చెప్పనిస్తేగా. దూజా వెనకాల. ఆ గోడ మీద ఫొటోలో నవ్వుతోందే, ఆవిడే. మా ఆవిడే. కానీ అప్పటికి ఇంకా కాదు.

దూజా వాళ్ళ నాన్న షాద్లీ గారు. టోపీల బజారులో మూడో కొట్టు. ఎర్ర ఉన్ని టోపీలు, మెత్తటివి, చేత్తో పట్టుకుంటే పిల్లిపిల్లని పట్టుకున్నట్టుండేది. ఇప్పుడక్కడ ఫోన్ల కవర్లు అమ్ముతున్నారనుకో, అదొక ఏడుపు. ఆ టోపీ ఒక చోట తయారయ్యేది కాదు. సందుల్లో ఇళ్ళల్లో ఆడవాళ్ళు అల్లాలి, అది కొట్టుకొచ్చాక మరొకచోట తొక్కి గట్టిపరచాలి, నూగు లేచేలా ముళ్ళకాయతో దువ్వాలి, రంగుకి పోవాలి. ఇంటి నుంచి కొట్టుకి, కొట్టు నుంచి ఇంటికి, రోజంతా టోపీల ప్రయాణమే. వాటిని మోసే మనిషి దూజా. పుట్టుకతోనే వినపడదు ఆ పిల్లకి. మాటా లేదు. మూగది అనకు, ఎవరైనా ఆ మాటంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మాట లేకపోతేనేం, ఆ వేళ్ళతో నన్ను నలభై ఏళ్ళు తిట్టింది. సరే, మరి వినపడని పిల్లని కొట్లోంచి కేకేసి పిలవడం ఎలా? షాద్లీ గారు కేకేసేవాడు కాదు. చేతిలో టోపీ తీసి ఆమె ముందుకి విసిరేవాడు. టోపీ నేల మీద పడిందంటే, తీసుకో, పరిగెత్తు అని. పసితనం నుంచీ అంతే. ఆ సందుల్లో గాడిదల మధ్య, తోపుడుబళ్ళ మధ్య ఎట్లా దూసుకుపోయేదో! నేను పోస్టుమాన్ని కదా, ఉత్తరాల సంచీతో గోడకి అతుక్కుపోయేవాణ్ణి. మొహం ఎప్పుడూ సరిగ్గా చూడలేదు, గాలి మాత్రం తగిలేది.

ఈ పరుగు పెట్టించింది కూడా ఆ షాద్లీ గారే, అది ఎవరూ కాదనలేరు. చెవులు వినపడని పిల్లలకి బడి కావాలని ఊరంతా తిరిగాడు. మంచాయన, కానీ పరువు పిచ్చి. మీసం దగ్గర్నుంచి చెప్పు దాకా పరువే. ఏర్పాటు ఏమిటంటే, పరిగెత్తేవాళ్ళు పార్కు చుట్టూ పరిగెత్తుతారు. పెద్దమనుషులు నీడన కూర్చుంటారు. ఆ పిల్లలకి తెల్లబట్టలు తొడిగి, చేతిలో తలో మల్లెమొగ్గల చెండూ పెట్టి, ముందు వరసలో కుర్చీల్లో కూర్చోబెడతారు. వాళ్ళని చూసి పెద్దమనుషుల మనసు కరిగి బడికి చందాలివ్వాలన్నమాట. దూజాకి పద్దెనిమిదో పంతొమ్మిదో. నువ్వు ఆ చివరి కుర్చీలో కూర్చో, చిన్నవాళ్ళు లేచి వెళ్ళిపోకుండా చూసుకో అన్నాడు నాన్న. ఆ పిల్ల నెలరోజుల పాటు ఆయన వెంటపడింది. ఇదిగో, ఇట్లా, రెండు వేళ్ళు బల్ల మీద పరిగెత్తించి, తన గుండె మీద చెయ్యి పెట్టుకునేది. నేను పరిగెత్తుతా, నేను. కొట్లో అడిగింది, ఇంట్లో అడిగింది, ఆయన అన్నం తింటుంటే పళ్ళెం అంచు మీద వేళ్ళు పరిగెత్తించింది. ఆయనది ఒకటే తల ఊపడం. చివరికి వాళ్ళావిడతో అన్నాట్ట: "నలుగురి ముందూ నా కూతురు కాళ్ళు చూపించుకుంటూ పరిగెత్తడమా? షాద్లీ కూతుర్ని ఆడించి బడికి అడుక్కుంటున్నాడనరూ?" మరి కుర్చీలో కూర్చోబెట్టి చూపిస్తే అనరా? ఆ మాట ఆయన్నెవరడుగుతారు!

దూజాకి ఆ కుర్చీ అంటే ఎంత అసహ్యమో తర్వాత నాకు చెప్పింది. ఆ కుర్చీలో ఒకసారి కూర్చుంటే ఇక జన్మంతా జనం తనని అందులోనే చూస్తారని. లేచి నిలబడినా, కొట్లో పని చేసినా, వాళ్ళ కళ్ళకి అయ్యో పాపమే. నవ్వుతున్నావేం? ఆఁ, నువ్వు నవ్వలేదు, సరే. టీ తాగు.

ఆ రోజు పొద్దున్నే చేరాం అందరం. నేను కొత్త బూట్లు కొనుక్కుని మరీ వెళ్ళాను. రోజూ ఊరంతా నడిచేవాణ్ణి కదా, నన్ను కొట్టేవాడెవడని పొగరు. మొదలెట్టించేది తీజానీ సార్జెంటు. పిస్తోలు పట్టుకుని, తన చెవుల్లో మాత్రం దూది పెట్టుకున్నాడు. ఒక చేతిలో మైకు గొట్టం. "వినండి! చెరువు దగ్గర కుడిపక్కకి తిరగాలి! గుట్ట ఎక్కకూడదు! మళ్ళీ చెప్తున్నా, గుట్ట ఎక్కకూడదు!" నా ముందు తెల్ల దుప్పటి కప్పుకుని, తల దాకా ముసుగేసుకుని ఎవరో ఆడమనిషి నిలబడి ఉంది. కొడుకుని వెతుక్కుంటున్న ఏ తల్లో అనుకున్నా. "అమ్మా, కాస్త పక్కకి జరగండి, తొక్కేస్తారు," అన్నాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్ళీ అన్నాను. ఏమిటీ పొగరు అనుకున్నా. అంతలో దుప్పటి జారింది. లోపల వాళ్ళన్నయ్య ఫుట్‌బాల్ నిక్కరు, మోకాళ్ళ దాకా వేలాడుతోంది, నడుముకి తాడు. జుట్టు గుడ్డతో బిగించి కట్టింది. పక్కనున్న కుర్రాళ్ళు నోరెళ్ళబెట్టారు. నేనూ పెట్టాను, అబద్ధమెందుకు.

షాద్లీ గారు అప్పుడు కుర్చీల దగ్గర పెద్దమనుషులకి షర్బత్ అందిస్తున్నాడు. చివరి కుర్చీ ఖాళీగా ఉండటం చూశాడు. కుర్చీ మీద మల్లెచెండు ఒక్కటే ఉంది. తల తిప్పాడు, ఇటు చూశాడు. ఇంకేముంది, షర్బత్ పళ్ళెం పక్కవాడి ఒళ్ళో పడేసి పరిగెత్తుకొచ్చాడు. నిజానికి ఆ రోజు అందరికంటే ముందు పరిగెత్తింది ఆయనే. గీత ముందు, ఆమెకి ఎదురుగా నిలబడి అరుస్తున్నాడు: "ఇవతలికి రావే! దుప్పటి కప్పుకో! నా పరువు మట్టిలో కలిపావు కదే! ఈ తల ఎక్కడ పెట్టుకోనే నేనూ!" ఎవరికి అరుస్తున్నాడూ? ఆ పిల్లకేమైనా వినపడి చస్తేగా. మాకు వినపడింది, కుర్చీల దాకా వినపడింది. తీజానీ పిస్తోలు పైకెత్తి అట్లాగే ఉండిపోయాడు. "షాద్లీ గారూ, తప్పుకోండి బాబూ, పేలుస్తున్నా!" అంటాడు. ఆయన తప్పుకోడు. ఆమె కదలదు. రెప్ప వెయ్యకుండా ఆయన్నే చూస్తోంది. అప్పుడాయన, ఇక ఏం చెయ్యాలో తోచక, తన తల మీది టోపీ పీకి, బలంకొద్దీ నేలకేసి కొట్టాడు.

నీకు తెలీదు, ఆ బజారు వాళ్ళలో వీధిలో ఉత్త తలతో నిలబడటమంటే గుడ్డల్లేకుండా నిలబడటమే. టోపీలు చేసేవాడు టోపీ లేకుండానా! నాకైతే ఆయన్ని చూడలేక కళ్ళు దించుకోవాలనిపించింది. కానీ దించుకునే టైమేదీ? టోపీ దుమ్ములో పడిందో లేదో, దూజా ఉరికింది. ఆయన చంక కిందనుంచి దూరి, అదే దూకుడు, సందుల్లో చూసిన అదే దూకుడు! ఆమె కదలగానే పక్కవాడు కదిలాడు, వాణ్ణి చూసి మరొకడు, ఇక మందంతా. షాద్లీ గారు మధ్యలో అట్లాగే నిలబడిపోయాడు, బట్టతలతో, చుట్టూ జనం దూసుకుపోతుంటే. తీజానీ ఆ పిస్తోలు ఎప్పుడు పేల్చాడో తెలుసా? మేం చెరువు దాటాక! పక్షులన్నీ ఒక్కసారి లేచి మా నెత్తిన రెట్టలేశాయి.

చెరువు అన్నానుగా. అక్కడ కుడిపక్కకి తిరగాలి కదా? మైకులో చెప్పాడుగా? ఆఁ, ఇప్పుడర్థమైందా? ఆమె తిన్నగా గుట్టెక్కేసింది. ఆమె వెనకాల మేమూ. తప్పుదారని తెలుసు. నేను వెనకనుంచి "కుడిపక్కకీ! అమ్మాయ్, కుడిపక్కకీ!" అని గొంతు చించుకున్నాను. నా తెలివి చూడు, ఎవరికి చెప్తున్నానో! కానీ ముందున్న మనిషి వెళ్తుంటే ఒక్కడూ పక్కకి తిరగలేదు. ఆ యూకలిప్టస్ చెట్ల మధ్య, ఆ రాళ్ళ మీద, నా కొత్త బూటు అట్ట ఊడొచ్చింది. ఆ పిల్ల మడమలు మాత్రం ఎదురుగా ఎగురుతూనే ఉన్నాయి. మొహం కంటే ముందు నాకు తెలిసింది ఆ మడమలే. నేను ఆరోవాణ్ణో ఏడోవాణ్ణో వచ్చాను. ఆమె మొదట.

వచ్చి ఆగిందా? ఆగలేదు. గీత దాటి అదే ఊపులో మొదలెట్టిన చోటుకెళ్ళి, మేమంతా తొక్కి తొక్కి పచ్చడి చేసిన టోపీని తీసి, మోకాలికేసి దులిపి, తెచ్చి వాళ్ళ నాన్న చేతిలో పెట్టింది. రోజూ కొట్లో తెచ్చిపెట్టినట్టే. కొడతాడనే అనుకున్నాను నేను. ఆయన ఆ టోపీని లోపలికీ బయటికీ తిప్పి చూశాడు. అరచేత్తో నూగు సరిచేశాడు. అదే దుమ్ముతో నెత్తిన పెట్టుకున్నాడు. అప్పుడు లేచారమ్మా పెద్దమనుషులు కుర్చీల్లోంచి! ఒకాయన వచ్చి షాద్లీ గారిని కావిలించుకుని కళ్ళు తుడుచుకున్నాడు. "ఎంత గొప్ప మనసండీ మీది! పిస్తోలు వినపడదని, మీ టోపీయే తీసి విసిరి మొదలెట్టించారా! ఆ గుట్ట కూడా, ఎంత ధైర్యం నేర్పారు పిల్లకి!" షాద్లీ గారు మీసం దువ్వుకుని, "ఔనండీ, అట్లాగే అనుకున్నాం," అన్నాడు. నా చెవులారా విన్నాను! నాకు నవ్వాగలేదు, కాలు నొప్పన్న వంకతో కింద కూర్చుండిపోయాను.

ఒకసారి ఔనన్నాక మరుసటేడు మానడానికి లేదు కదా. ప్రత్యేకంగా కొత్త టోపీ చేశాడు, రంగు రెండుసార్లు ముంచి. కానీ ఒకటి చెప్పాలి, ఆ మరుసటేడు కుర్చీలు వెయ్యనివ్వలేదు. పిల్లలందరినీ గీత దగ్గరికి తనే నడిపించుకొచ్చాడు. టోపీ విసిరేటప్పుడు ఆయన కళ్ళు నేను చూశాను. కోపంతో మొదలైతేనేం, ప్రేమతోనే విసిరాడు ఆ తర్వాత, చెయ్యి లేవనంత వరకూ. ఆ పైన నాకిచ్చాడు. అప్పటికి నేను అల్లుణ్ణిగా.

అడుగుతావని తెలుసు. దూజాకి తెలుసా, అనేగా? నాన్న కోపంతో కొట్టాడని తెలిసే పరిగెత్తిందా, లేక కొట్లోలాగా వెళ్ళమన్నాడనుకుందా? నేనూ అడిగానమ్మా. పెళ్ళైన మొదటి రాత్రే అడిగాను, చూడు నా అప్రయోజకత్వం. నవ్వింది. పిల్లలు పుట్టాక అడిగాను, నవ్వింది. వాళ్ళ నాన్న పోయాక, ఇప్పుడైనా చెప్పవే, ఎవరి పరువూ పోదు అన్నాను. పిండి చేతులతో నా మూతి మీద ఒకటిచ్చుకుని మళ్ళీ నవ్వింది. మొహం అంత ఎర్రగా, అంత కోపంగా ఉన్న మనిషిని చూసి ఏ కూతురికైనా తెలీదా? తెలిసే ఉంటుంది. మళ్ళీ అనుకుంటాను, పుట్టినప్పటి నుంచీ టోపీ పడితే పరుగే కదా, ఆ కాళ్ళు ఆలోచిస్తాయా? ఇట్లా రోజుకొక రకంగా తోస్తుంది నాకు.

ఆఖరుసారి ఆసుపత్రిలో అడిగాను. సరిగ్గా పరుగు రోజే. నేను వెళ్ళనన్నాను, టోపీ ఇంకెవరైనా విసురుకుంటారు, నీ దగ్గరే ఉంటానన్నాను. మంచం పక్కన కూర్చుని, పోనీ ఇప్పుడు చెప్పు, తెలుసా నీకు, అని ఇదిగో ఇట్లా వేళ్ళతో అడిగాను. చెయ్యెత్తడానికే ఓపిక లేదు. ఆ చేత్తోనే నా తల మీది టోపీ తీసి, గుమ్మం వైపు విసిరింది. నవ్వుతూనే. అది నా మాటకి జవాబో, లేక వెళ్ళు, ఆలస్యమవుతోంది అనో, నాకు... నేను టోపీ తీసుకుని వెళ్ళాను. వెళ్ళాలి కదా మరి. గీత దగ్గర విసిరాను, పిల్లలు గుట్టెక్కారు. నేను తిరిగి వచ్చేసరికి...

ఆ కిటికీ వెయ్యమ్మా, దుమ్ము వస్తోంది. పెట్టె మూత కాస్త బిగుసుకుపోయి ఉంటుంది, గట్టిగా లాగు.