టేపురికార్డరుకి దిష్టి

ఎవరూ, మీ ఫిలోమినా మామ్మ సంగతా? కూర్చో జాస్మిన్, ఆ స్టూలొద్దు, దానికో కాలు ఊగుద్ది, మంచమ్మీద కూర్చో. అప్పట్లో మన కనకాలపేటలో సైకాలజీ అంటే పిచ్చాసుపత్రి చదువనుకునేవోళ్ళం. ‘పిచ్చోళ్ళని కాదన్నయ్యా, పసిపిల్లలకి మాటలెలాగొస్తాయో చూస్తాను’ అనేది మీ మామ్మ. ఎలాగొస్తాయేంటి, వస పోస్తే వస్తాయి! అదే అన్నాను, నవ్వేసింది. మా సుమకప్పుడు రెండో ఏడు. పొద్దున్న లేస్తే కాకితో గొడవ, కోడితో గొడవ. దాని మాటలు పట్టుకుందామని మీ మామ్మ యూనివర్సిటీ నుంచి టేపురికార్డరు మోసుకొచ్చేది. ఆవిడ గుమ్మంలో అడుగెట్టిందా, మా అమ్మ వెంకటలక్ష్మి పిల్ల నోట్లో బెల్లంముక్క కుక్కేసేది. ‘దీనికింకా మాటలెక్కడివమ్మా, మూగదేమోనని బెంగగా ఉంది’ అని కళ్ళొత్తుకునేది కూడాను! దిష్టి భయం మరి. పరాయోళ్ళు విని మెచ్చుకుంటే మాట పడిపోద్దని. వీధిలో ఏ ఇంటికెళ్ళినా అదే వరస, ఒక్క పిల్లకీ మాటల్రావు!

అక్కడ గైడు మాస్టారేమో ‘పిల్లల మాటల్లేకుండా థీసిసేంటమ్మా, ఈసారీ ఉత్త చేతుల్తో వస్తే ఇంక రానక్కర్లేదు’ అనేశాడంట. పాపం, మా అరుగు మీద కూర్చుని ఏడ్చేసింది. మా అమ్మ కరిగిపోయింది. ‘పిల్ల మాటాడుద్దిలే తల్లీ, ముందు నీ పెట్టికి దిష్టి తీస్తానుండు’ అని ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టి టేపు తిరుగుతున్న రికార్డరు చుట్టూ తిప్పుతోంది, ‘ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి’ అనుకుంటా. సుమ నోట్లో ఆరోజు బెల్లం లేదు గదా, వెనకాలే అందుకుంది! కాకి దిష్టి, కోడి దిష్టి, తాత మీసం దిష్టి, అత్త కళ్ళజోడు దిష్టి... ఆగితేనా! పొయ్యిలో మిరపకాయలు పడి ఇల్లంతా ఘాటు. మీ మామ్మ దగ్గుతా, నవ్వుతా, ‘ఎవరూ నేర్పనివి సొంతంగా కలుపుతోందన్నయ్యా, నాక్కావాల్సింది ఇదే’ అని గంతులేసింది. ఆ దగ్గులతో సహా ఆ టేపే పట్టుకెళ్ళింది. డాక్టరేటొచ్చింది, ప్రొఫెసరైంది, ఎక్కడెక్కడి సభల్లోనో మా సుమ గొంతే వినిపించేదంట.

ఆవిడ పోయినప్పుడు చర్చిలో పెద్దపెద్దోళ్ళొచ్చి ఒకటే పొగడ్తలు. నాకు ఏడుపాగలేదే. మా అమ్మే ఉంటే ఇంతమంది నోళ్ళలో ఆవిడ్ని పడనిచ్చేదా అనిపించింది.

ఏంటీ? నీకూ పీహెచ్‌డీ సీటొచ్చిందా? ఎవరెవరికి చెప్పావే? వీధంతానా! సుమా, గుప్పెడు ఉప్పట్టుకుని ఇలా రా.