ఫల్గుణ నడిపిన కొత్త విండోస్

ఫల్గుణ సీతంపేట వెళ్ళొచ్చాడంటే చాలు, యర్రమ్మ టీ కొట్టు ముందున్న బెంచీ నిండిపోయేది. కావిడిలో అనాసపళ్ళు వేసుకుని కొండ దిగేవాడు, కబుర్లు నింపుకుని వచ్చేవాడు. రెండువేల మూడు జూలైలో అతను ఒక సోమవారం నుంచి మూడు రోజులు వరసగా వెళ్ళొచ్చాడు. బుధవారం సాయంత్రం కావిడి దించి, టీ గ్లాసు అందుకుని, ఊదనైనా ఊదకుండా మొదలెట్టాడు.

"సీతంపేట మండలాపీసులోకి కొత్త కంప్యూటరు వొచ్చింది. అందులో కొత్త విండోసు. ఎక్సుపీ అంటారు. పాతదాన్లో నల్లటి తెర, తెల్లటి అచ్చరాలు, అంతే. ఇది అలగ కాదు. బొత్తాం నొక్కగానే మేళం మోగుతాది. తెర నిండా పచ్చటి కొండ, పైన నీలం ఆకాశం, తెల్లటి మబ్బులు. అచ్చం మన కొండే! జీడిమామిడి చెట్లొక్కటే తక్కువ."

చెబుతూంటే అతనికే ఒళ్ళు పులకరించింది. ఆ పచ్చదనం మూడు రోజులుగా కళ్ళల్లోంచి పోవడం లేదు.

"నీకెవులు సూపించినారు?" అన్నాడు పక్కనే కూర్చున్న భీమన్న.

"సూడ్డమేటి బావా, నడిపినాను! కంప్యూటరు సారు నన్ను పిలిసి, ఫల్గుణా, నీ సెయ్యి మంచిది, కాస్త నువ్వే బొత్తాం నొక్కు అన్నాడు. నొక్కినాను. అంతే."

అంతే అన్నాడు గానీ, అంతతో ఆగిపోతే అతను ఫల్గుణ ఎందుకవుతాడు?

"ఆ తరవాత ఏటైందో తెల్సా? ఏదైనా ఎతకాలంటే అందులో పసుపు కుక్కపిల్లొకటి ఉంటాది. తోకాడిత్తాది. బావా, తప్పిపోయిన నీ మేక నిన్న ఎలగ దొరికిందనుకున్నావు? భీమన్న మేక, ఎడం సెవి తెగింది అని దాని సెవిలో సెప్పినాను. మూడుపాల్లు వాసన సూసింది. తెరలోని కొండెక్కి అవతలేపు దిగిపోయింది."

"మేకని నా ఇంటిది తోలుకొచ్చింది," అన్నాడు భీమన్న.

"తోలుకొచ్చింది అక్కే. అటేపు ఎల్లమని అక్క మనసుకి తోపించిందెవులు?"

బెంచీ అంతా గొల్లుమంది. యర్రమ్మ పాలగిన్నె మీదున్న చూపు తిప్పి ఇటే చూసింది. ఆ నవ్వు వినగానే ఫల్గుణకి రెక్కలొచ్చాయి.

"మౌసని ఒకటుంటాది, ఎలకలాగే తోకుంటాది. దాంతో దేన్నైనా పట్టుకుని ఈడ్సీవొచ్చు. నాను ఒక మబ్బుని పట్టుకున్నాను. కొసన పట్టుకుని ఈడ్సీ ఈడ్సీ మన పోడు మీద ఒగ్గీసినాను. మంగళారం వాన పడిందా లేదా?"

"పడింది," అన్నారు ముగ్గురు.

"మరి మీ గుడిసెలు తడవకుండా నా గుడిసే కారిందేటి?" అంది యర్రమ్మ.

"కొస జారిపోనాది అత్తా! మొదటిపాలి కదా!"

ఆ సమయానికే జీపు ఆగి గంగ దిగింది. ఆవిడ ఆ ఆఫీసులోనే ఊడ్చి తుడిచే పని చేస్తుంది. రోజూ ఈ వేళకే కొండెక్కుతుంది. చీర కొంగుతో మొహం తుడుచుకుని, టీ చెప్పి, వెనకాల రాయి మీద కూర్చుంది. ఫల్గుణ ఆవిణ్ణి చూడలేదు. అప్పటికే అతను ఏనుగుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

"తెరకి ఒక మూల సెత్తబుట్టుంటాది. సిన్నదే. ఏనుగుల మంద ఒరిస్సా ఏపునించి దిగుతోందని తెర మీద కనబడింది. ఎనిమిది. పిల్లేనుగుతో తొమ్మిది. ఏటి సెయ్యాల? ఒక్కోదాన్నీ తొండం పట్టుకుని సెత్తబుట్టలో ఎయ్యడమే! బుట్ట ఉబ్బిపోనాది, బల్ల ఊగిపోతన్నాది, సారు కుర్సీ ఎక్కీసినాడు. పిల్లేనుగు ఏడిసింది. జాలేసి దాన్ని ఎనక్కి తీసీసినాను. తీసినదాన్ని మళ్ళీ అడివిలో పెట్టీడానికి కూడా అందులో బొత్తాం ఉంది మరి!"

నవ్వి నవ్వి భీమన్న చేతిలో టీ ఒలికింది. నవ్వనివాడు ఒక్క బుధు. అతను బెంచీ చివరనుంచి లేచాడు.

"అల్లుడా," అన్నాడు మెల్లిగా. "ఏనుగుల్ని ఎత్తినోడివి, నాకొక్క కాయితం తీసిపెట్టు. మా గుంట రమణికి కులం సర్టిఫికేట్టు కావాల. రేపు సాయంత్రానికి ఇవ్వకపోతే కాలేజీ సీటు ఇంకొకలకి ఎల్లిపోతాదట. ఏ కాయితం ఎక్కడివ్వాలో నాకు తెల్దు. నువ్వైతే నీ సేత్తోనే తీసీగలవు."

ఫల్గుణ టీ గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. బుధు కళ్ళల్లో ఎగతాళి లేదు, నమ్మకం ఉంది. అయినా అలవాటైన నోరు ఊరుకోలేదు.

"ఓస్, అదెంత పని మావా..."

"తమ్ముడూ," అంది వెనకనించి గంగ. "విండోస్ అంటే కిటికీలని మా సారు సెప్పినాడు. నీకు తెలిసిన విండో ఒకటే, మా ఆపీసు ఎనకాల కిటికీ. సోమారం నించి ఊసలు పట్టుకుని నిలబడ్డావు. పొద్దున్న నాను ఊడిసి, కడిగి, తుడిసినా కదల్లేదు. నీ కాళ్ళ మీంచే నీళ్ళు పోసినాను."

ఈసారి నవ్వు ఫల్గుణ మీద పడింది. బుధు మాత్రం కూలబడినట్టు కూర్చున్నాడు. నవ్వుకన్నా ఆ కూర్చోవడమే ఫల్గుణకి తగిలింది.

"మావా," అన్నాడు తలొంచుకుని. "నన్నెవులూ లోపలికి పిలవనేదు. అయితే కిటికీలోంచి అన్నీ సూసినాను. ఏ కాయితం ముందు ఎవులికిస్తారో, ఎక్కడ ముద్దరేస్తారో నాకు తెలుసు. రేపు బేగి పోదాం. నాను లైన్లో నిలబడతాను."

పొద్దున్నే రేషన్‌కార్డూ, బడి కాయితాలూ పట్టుకుని ముగ్గురూ మొదటి జీపులోనే దిగారు. ఫల్గుణ ఎవరినీ అడగకుండానే బుధుని, రమణిని ఒక్కో బల్ల దగ్గరికీ సరిగ్గా తీసుకెళ్ళాడు. మధ్యాహ్నానికి కంప్యూటర్ ముందుకి చేరారు. సారు తలెత్తి చూశాడు.

"రోజూ కిటికీ దగ్గరుండేది నువ్వే కదూ? ఇలా రా. ఇది నొక్కు, కాగితం వస్తుంది."

ఫల్గుణ చెయ్యి చొక్కాకి మూడుసార్లు తుడుచుకున్నాడు. మౌసు మీద పెట్టగానే తెర మీద బాణం కదిలింది. దాన్ని కదిపింది తన చెయ్యేనని తెలియడానికి కాస్సేపు పట్టింది. నొక్కాడు. పక్కనున్న పెట్టె కుయ్యోమంటూ కాగితం కక్కింది. దాని మీద తన పేరు చదువుకుని రమణి ఎగిరి గంతేసింది.

సాయంత్రానికి టీ కొట్టు దగ్గర బెంచీ మళ్ళీ నిండింది. కాగితం కాలేజీలో ఇచ్చి రమణి సీటు నిలుపుకున్న సంగతి బుధు అందరికీ చెప్పాడు. ఫల్గుణ మాత్రం చూపుడువేలు చూసుకుంటూ, తనలో తనే నవ్వుకుంటూ కూర్చున్నాడు.

"ఏటి ఫల్గుణా, ఇయ్యాలేటి సేసినావు?" అంది యర్రమ్మ, గ్లాసు చేతికిస్తూ.

"ఏటీ నేదత్తా. సారు పిలిసి నొక్కమన్నాడు. ఒక్కపాలి నొక్కినాను."

యర్రమ్మ అతని మొహంలోకి తేరిపార చూసింది. బెంచీ మీదవాళ్ళని చూసింది. నడుం మీద చెయ్యేసుకుంది.

"నువ్వు? ఒక్కపాలి నొక్కి ఊరుకున్నావా? కొయ్యకు కోతలు!"