ఏడో నంబరు బండి

మెకానిక్కుగా పనిచేసే తండ్రి షెడ్డు గోడమీది చార్టులో కంపెనీ వ్యాన్ల సర్వీసింగు తేదీలు రాస్తుంటే, ఆ వ్యాన్లలో ఒకటి నడిపే కూతురు వెనకాలే వచ్చి నిలబడింది.

“అన్ని బండ్లకీ మూణ్ణెల్లకోసారి రాశావు. నా ఏడో నంబరుకే నెలనెలానా నాన్నా?”

“పాతదమ్మా.”

“అన్నిట్లోకీ కొత్తది అదే! ఆడపిల్ల నడిపితే బండి ఇంతేనని తోటి డ్రైవర్లు నవ్వుతున్నారు.”

తండ్రి రాయడం ఆపి ఆమె వైపు తిరిగాడు.

“నువ్వు కొండదారి దిగుతుంటే, ఇక్కడ నా కాలు బ్రేకు తొక్కుతుంటుంది తల్లీ.”

“నీ భయానికి నా పేరు పోతోంది.”

ఆయన ఏడో నంబరు ఎదుట రాసింది చెరిపి, మూణ్ణెల్లని రాశాడు.

“రోజూ అందరికంటే ముందొచ్చి బ్రేకులు మాత్రం చూస్తా. చార్టులో రాయన్లే.”

“అయితే నన్నూ లేపు, కలిసే వద్దాం. నేను తొక్కుతా, నువ్వు చూద్దువుగాని.”