ప్రతి బస్టాపులోనూ ఆగిన ఇల్లుబండి

మా బాబాయి ఆవులించకుండా కోతలు కొయ్యడం మొదలుపెట్టడు. ఒక ఆవులింతకి ఊరు దాటతాడు, రెండోదానికి సముద్రం దాటతాడు, మూడో ఆవులింత వచ్చిందంటే మేమంతా ఇంకో టీ చెప్పుకుంటాం.

ఆ ఆదివారం మధ్యాహ్నం కూడా అంతే. బయట సన్నగా ముసురు. టైర్ల షాపులో, పాత టైర్ల మీద నలుగురం కూర్చున్నాం: బాబాయి, నేను, పక్కవీధి పోస్టుమ్యాను, షాపు యజమాని మావయ్య. మావయ్యంటే మా పిన్నికి సొంత అన్నయ్య. ఎదురుగా ఆయన ఇల్లుబండి ఉంది. పేరుకి వ్యాను, లోపల మంచం, పొయ్యి, చేతులు కడుక్కునే తొట్టి. మోకాళ్లు పోయాక ఆయన నడపలేక, "నిలబెట్టిన బండి తుప్పుపట్టి చస్తుంది, సముద్రం రోడ్డు వెంట లైట్‌హౌసు దాకా బాగా పరిగెత్తించి తీసుకురా, మా చెల్లెలికి ఆ తీరమంతా చూపించు" అని పోయిన నెల బాబాయి చేతిలో పెట్టాడు. ఇప్పుడు బాబాయికి మళ్లీ సెలవు దొరికింది. మళ్లీ బండి కావాలి.

మావయ్య తాళం వేలికి తగిలించుకుని తిప్పుతున్నాడు. "ముందు పోయినసారి ఎలా నడిపావో చెప్పు. నచ్చితే తాళం నీది. లేదంటే నడిపేవాడెవడో చూసి వాడికిచ్చేస్తా."

"చెప్పుకోడానికి ఏముంది బావా," అని బాబాయి నడుం పట్టుకుని ఆవులించాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా సిటీ బస్సు డ్రైవరు సీట్లో అరిగిన నడుం అది. "ఈ గేట్లోంచి ఒక్క రివర్సులో బయటికి తీశా. అటు జానెడు, ఇటు జానెడు. అంతే."

"నేను చూశాగా," అన్నాడు పోస్టుమ్యాను. "గేటు పక్కన రెండు పూలకుండీలు కూడా చూశాయి. పాపం, చెప్పడానికి అవి ఇప్పుడు లేవు."

"ఆ కుండీల సంగతి వదిలెయ్ గానీ, సీజను కాదు గదా, రోడ్డు మీద పురుగు లేదు. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, హోటళ్లకి తాళాలు, ఐస్‌క్రీం బండ్లకి పట్టాలు కప్పేసి తాళ్లతో బిగించేశారు, పైన వాన. అలాంటి రోడ్డు మీద నాకొచ్చిన చిక్కేంటో తెలుసా? బస్టాపులు! ఈ కాలు ఉంది చూశావా, బస్టాపు కనిపిస్తే నన్నడగదు, బ్రేకు మీదికి పోతుంది. ఆగా. తలుపు తీశా. ఎవరూ లేరు. 'ఎవరి కోసమండీ?' అంది మీ చెల్లెలు. ఏం చెప్పను? తలుపు వేసింది. మళ్లీ బస్టాపు, మళ్లీ తలుపు. నాలుగో స్టాపులో ఎక్కిందయ్యా ఒకటి!"

"ఎవరు?"

"సముద్రపు పక్షి. తెల్లగా, ఇంత ముక్కు. తడిసి ముద్దయి, మెట్టెక్కి, అటూ ఇటూ చూసి కిటికీ సీట్లో కూర్చుంది. రెండు స్టాపుల తర్వాత దిగిపోయింది."

"టికెట్టో, బాబాయ్?" అన్నాను.

"అది కండక్టరు చూసుకోవాలమ్మాయ్, నేను డ్రైవర్ని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పక్షి పోయి ఊరంతా చాటింది. తర్వాతి స్టాపులో అరవై రెండు! సీట్లు నిండి, మంచం నిండి, పొయ్యి మీద కూడా నిలబడ్డాయి. నేను అలవాటుగా 'లోపలికి జరగండి, జరగండి' అంటున్నా. గాలాడక అన్నీ కిటికీల్లోంచి రెక్కలు బయటపెట్టి ఒక్కసారి ఆడించాయి. బండి లేచింది బావా! మూడు మైళ్లు చక్రం నేలకి తగల్లేదు."

"అందుకే పెట్రోలు అంత మిగిలిందన్నమాట," అన్నాడు మావయ్య, తాళం తిప్పడం ఆపకుండా.

బాబాయి టీ ఊదుకున్నాడు. రెండో ఆవులింత వచ్చింది. "దించేశా వాటిని. ఒళ్లు పులిసిపోయింది. అయినా కాలు ఊరుకుంటుందా? ఇంకో స్టాపు. తలుపు తీస్తే తిమింగలం."

పోస్టుమ్యాను గ్లాసు కింద పెట్టాడు. "బస్టాపులోనా?"

"పెద్ద అలొచ్చి పడేసి పోయింది. ఆశగా చూస్తోంది పాపం. నేనేమంటా? 'ఖాళీ లేదు, వెనకాల ఇంకో బస్సు వస్తోంది' అన్నా. ముప్పై ఒక్కేళ్లుగా అందరికీ అదే చెబుతున్నా, దాంతో మాత్రం వేరే మాట ఎందుకు? అది నా మొహం చూసింది. 'డ్రైవరుగారూ, మీరు చాలా అలిసిపోయారు' అనుకుందేమో, నీళ్లలోకి దిగి, రోడ్డు పక్కనే ఈదుతూ తోకతో బండిని వెనకనించి నెట్టడం మొదలెట్టింది. నేను స్టీరింగు వదిలేసి వెళ్లి పడుకున్నా. పైన రేకు మీద వాన చప్పుడు. ఎవరూ లేపలేదు. ఎంత నిద్రనుకున్నావు బావా... ఎంత నిద్రో."

ఆ ఒక్కచోట గొంతు తగ్గింది. మళ్లీ సర్దుకుని మూడో ఆవులింత తీశాడు. నేను ఇంకో నాలుగు టీలకి కేకేశాను.

"లేచేసరికి లైట్‌హౌసు. దాని దీపం మాడిపోయింది. మన బండి హెడ్‌లైటు పీకి పైన పెట్టా. పద్నాలుగు ఓడలు, ఏమనుకున్నాయో ఏమో, ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చి నా ముందు ఆగి తలుపులు తీశాయి! మొత్తం రెండు వేల నాలుగు వందల కిలోమీటర్లు. మీటరు చచ్చి రెండేళ్లయింది గాబట్టి ఇప్పుడు నా మాటే మీటరు. తాళం ఇటియ్యి."

మావయ్య ఇవ్వలేదు. మోకాళ్ల మీద చేతులాన్చి మెల్లగా లేచాడు, బండి దగ్గరికెళ్లి ముందు చక్రం మీద అరచెయ్యి వేసి నిమిరాడు. "ఇటు రా అమ్మాయ్. వేలు పెట్టి చూడు."

పెట్టాను. సన్నటి రబ్బరు వెంట్రుకలు. గిలిగింత పెట్టాయి.

"నువ్వు బయల్దేరే ముందురోజు ఈ టైర్లు నా చేత్తో వేశా," అన్నాడు మావయ్య. "కొత్త టైరుకి ఇవి ఉంటాయి. రోడ్డు మీద సరిగ్గా పరిగెత్తితే అరిగి రాలిపోతాయి. రెండు వేల నాలుగు వందలా? ఇది ఇంకా పసిబిడ్డ తలలా ఉందయ్యా! ఎంత నడిపావు?"

బాబాయి చెప్పుల వంక చూసుకున్నాడు. "నలభై."

"నలభై!"

"మొదటి బీచి దగ్గర బస్టాపు కనబడింది, ఆగా. ఎదురుగా ఖాళీ పార్కింగు. మూడొందల బండ్లు పట్టే చోట మాదొక్కటే. ఐదు నిమిషాలు కన్ను మూద్దామనుకున్నా. లేచేసరికి మర్నాడు సాయంత్రం. బెల్లు కొట్టేవాళ్లు లేరు బావా. తొమ్మిది రోజులూ అలాగే పడుకున్నా."

మావయ్య తాళాన్ని గుప్పిట్లో బిగించాడు. "అంటే మా చెల్లెల్ని తొమ్మిది రోజులు పార్కింగులో కూర్చోబెట్టావా?"

"నేనేం కూర్చోలేదన్నయ్యా."

చూరు కింద పిన్ని. గొడుగు విదిలిస్తోంది. "తిమింగలం దగ్గర్నించీ వింటున్నా," అంటూ చేతిసంచీలోంచి ఒక కార్డు తీసి అన్నయ్య చేతిలో పెట్టింది. డ్రైవింగు లైసెన్సు. కొత్తది.

"రోజూ సాయంత్రం ఓ గంట లేచేవారు. ఆ గంటా నన్ను సీట్లో కూర్చోబెట్టి ముందుకీ వెనక్కీ నేర్పారు. ఎంత కసురుకుంటారో అనుకున్నా, ఒక్క మాట అనలేదు. అంత చోటులో గుద్దడానికి ఒక్క చెత్తడబ్బా. దాన్ని రెండుసార్లు గుద్దాను. మొన్న పరీక్ష పాసయ్యాను. పాసయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నా. అందుకే పాపం తిమింగలాన్ని పట్టుకొచ్చారు."

"మరి ఇన్ని కోసినవాడివి, ఇదొక్కటి దాచావేమయ్యా?" అన్నాడు మావయ్య.

"ఒట్టు కదా బావా," అన్నాడు బాబాయి. ఆ మాట ఒక్కటీ చాలా చిన్నగా వచ్చింది.

మావయ్య గుప్పిట విప్పి తాళం చెల్లెలి చేతిలో వేశాడు. "ఏదీ, వీధి చివరి మలుపు తిప్పి చూపించు. తర్వాత లైట్‌హౌసు సంగతి చూద్దాం."

పిన్ని ఒక్క రివర్సులో బండి బయటికి తీసింది. గుద్దడానికి కుండీలు కూడా లేవు, నిజమే. బాబాయి పక్క సీట్లో ఉన్నాడు. వీధి చివర బస్టాపులో ఎవరో గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. బాబాయి కాలు బ్రేకు లేనిచోట బ్రేకు తొక్కే ఉంటుంది. పిన్ని ఆపలేదు. బండి మలుపు తిరిగేటప్పటికే ఆయన తల కిటికీ అద్దానికి ఆని ఉంది.